రీళ్ల పిచ్చేశు

కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా సముద్రం పక్కనే సైకిళ్ల మీద వెళ్లాలన్న ఆలోచన మా ధీరజ్‌ది. వాడికి పాతికేళ్లు. ఆకలి లేదు, నిద్ర లేదు, పెళ్లాం లేదు. ఆ మూడూ ఉన్న నాలాంటి ఇన్సూరెన్స్ ఏజెంటు నలభై ఆరో ఏట వాడి మాట విని రోడ్డెక్కడం తెలివి తక్కువ పని. రాజోలు దాటేసరికి ఆ సంగతి నా మోకాళ్లే చెప్పాయి.

మొత్తం నలుగురం. ముందు ధీరజ్. వాడి చేతికున్న గడియారం టైముతోపాటు గుండె ఎలా కొట్టుకుంటోందో కూడా చెబుతుంది, అది చూసుకుంటూ తొక్కుతాడు. వాడి వెనక షాబాజ్, మెడికల్ షాపు కుర్రాడు, మాట తక్కువ, నవ్వు ఎక్కువ. అందరికంటే వెనక నేను. నాకు తోడుగా, నిజం చెప్పాలంటే నా మీద జాలిపడి, పక్కనే మెల్లగా తొక్కుతూ రావుగారు.

రావుగారికి అరవై దాటాయి. కాకినాడలో ఒక ప్రైవేటు కాలేజీలో అటెండరుగా చేసి రిటైరయ్యారు. షుగరొచ్చింది, రోజూ నడవమని డాక్టరు చెబితే, "నడక నా వల్ల కాదండీ, సైకిలైతే ఎంతైనా తొక్కుతా" అని మా క్లబ్బులో చేరారు. మూడేళ్లుగా ఆయన మాకు రావుగారే. ఆ రావుకి ముందు ఏముందో ఎవరం అడగలేదు. ఏజెంటునై ఉండి నేనూ అడగలేదంటే, ఆయన పాలసీ తీసుకునే రకం కాదని మొదటి రోజే తేలిపోయింది కాబట్టి.

దారి పొడుగునా ఆయనది ఒకటే మాట. "మా ఊరు రానివ్వండి, అప్పుడు చూద్దురుగాని." మా ఊరంటే అవనిగడ్డ, దివిసీమలో. నిజానికి అది మా దారిలో లేదు. మోపిదేవి దాటి పులిగడ్డ వారధెక్కేస్తే నేరుగా రేపల్లె వెళ్లిపోవచ్చు. కానీ బయల్దేరక ముందే ఆయన ధీరజ్ దగ్గర మాట తీసుకున్నారు. ఊళ్లోకి వెళ్లాలి, అక్కడ కాసేపు ఆగాలి. ఆ షరతు మీదే మాతో వచ్చారు.

ఇక్కడ మా బట్టల గురించి కొంచెం చెప్పాలి. క్లబ్బు చొక్కాలు నల్లవి. నలుపు ఎండని లాగుతుందని ఒకటో తరగతి పిల్లాడికి తెలుసు, ధీరజ్‌కి తెలియదు. "మురికి కనపడదు అంకుల్" అన్నాడు. కిందేమో ఒంటికి అతుక్కుపోయే బిగుతు నిక్కర్లు. సైకిలు మీద ఉన్నంతసేపూ ఎవరూ పట్టించుకోరు గానీ, ఆ నిక్కరుతో, ఈ బొజ్జతో ఊళ్లో దిగి నలుగురి ముందూ టీ తాగడం నా వల్ల కాలేదు. అమలాపురంలో ఒక కొట్లో దూరి లుంగీ అడిగాను. కార్తీకమాసం కదా, నల్లవి తప్ప లేవన్నాడు. అదే కొనుక్కుని, ఆగినప్పుడల్లా నిక్కరు మీద చుట్టుకోవడం, ఎక్కేటప్పుడు విప్పి సంచిలో పడేయడం మొదలుపెట్టాను. నన్ను చూసి మిగతా ముగ్గురూ కొనుక్కున్నారు.

నల్ల చొక్కా, నల్ల లుంగీ, మాసిన గడ్డం, దక్షిణానికి ప్రయాణం. ఇంకేం కావాలి? నర్సాపురంలో టీకొట్టాయన చేతులు జోడించి "స్వామి శరణం" అన్నాడు. సైకిళ్ల మీద శబరిమల వెళ్తున్నామనుకున్నాడు. కాదు బాబూ అని చెప్పాం. తరవాతి ఊళ్లోనూ చెప్పాం. ఆ పై ఊళ్లో ఒకావిడ గిన్నెడు మజ్జిగ, హస్తం అరటిపళ్లు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. చెబుదామంటే అప్పటికే నా నోట్లో అరటిపండుంది. అక్కడి నుంచి చెప్పడం మానేశాం. షాబాజ్ అయితే, "వాళ్లు శరణం అన్నాక మనం ఊరుకుంటే బాగోదు కదన్నా" అని ప్రతివాళ్లకీ రెండు చేతులూ జోడించి మరీ బదులిచ్చేవాడు. మా నలుగురిలోకీ అసలు సిసలు స్వామి వాడే అనిపించేవాడు.

మాల వేసుకున్నవాళ్ల సంగతి అందరికీ తెలిసిందే. దీక్ష ఉన్నన్నాళ్లూ వాళ్లకి పేరుండదు. కలెక్టరైనా, కూలివాడైనా స్వామే. కట్టుకున్న పెళ్లామైనా స్వామీ అనే పిలవాలి. పేరు పెట్టి పిలిస్తే దోషం. వయసులో ఎంత పెద్దవాళ్లైనా ముందు వంగి వాళ్ల కాళ్లకి దణ్ణం పెట్టాలి. ఉచితంగా వచ్చే ఈ గౌరవం నాకు బాగానే ఉంది. రావుగారికే ఎందుకో గిట్టేది కాదు. ఎవరైనా స్వామీ అనగానే ముఖం చిన్నబుచ్చుకునేవారు.

కృత్తివెన్ను దాటాక కాలవ గట్టు మీద సైకిళ్లు పడేసి కూర్చున్నాం. అటు పండిన వరి, ఇటు రొయ్యల చెరువులు. అడిగేశాను. "దారినపోయేవాళ్లంతా చేతులెత్తి మొక్కుతుంటే మీకు కష్టమేంటండీ?"

"రాజ్ కుమార్ గారూ, నా పేరేంటో చెప్పండి చూద్దాం" అన్నారాయన.

"రావుగారు."

"చూశారా! నా పేరు పిచ్చేశ్వరరావండీ. మా అమ్మది గుడివాడ పక్కన. అటువైపు ఇంటికో పిచ్చయ్యో, పిచ్చేశ్వరరావో ఉంటాడు. కాకినాడలో ఉద్యోగంలో చేరినరోజు నా పేరు చదివి అందరూ పకపకా నవ్వారు. 'రావు చాల్లేవయ్యా' అన్నారు. ఆ రోజునుంచీ రావునే. రావుగారంటే ఎవరండీ? రోడ్డు మీద రాయి విసిరితే ఎవరో ఒక రావుగారికి తగుల్తుంది."

"ఇంట్లోనో?"

"మా ఆవిడ ఏవండీ అంటుంది. అమ్మాయి నాన్నా అంటుంది. గుడివాడలో మా అక్క తమ్ముడూ అనేది, అదీ పోయినేడు పోయింది. అమ్మ పోయి చాలా కాలమైంది. మనిషిని పేరు పెట్టి పిలిచేది తనకంటే పెద్దవాళ్లే కదండీ. ఆ పెద్దవాళ్లు ఒక్కొక్కళ్లూ అయిపోతే పేరూ అయిపోయినట్టే. నా పేరు నా చెవిన పడి ఎన్నేళ్లయిందో నాకే గుర్తులేదు. మా ఊళ్లో ఒక్కళ్లంటే ఒక్కళ్లు నన్ను చూసి 'ఒరే పిచ్చేశూ' అంటే చాలు. ఆ తరవాత ఆ పుదుచ్చేరి చూసినా ఒకటే, చూడకపోయినా ఒకటే నాకు."

మామూలుగా అయితే ఇలాంటి చోట ఏదో ఒక వెటకారం ఆడేవాణ్ణి. మా నాన్న పోయాక నన్ను 'ఒరే రాజుగా' అన్నవాడు లేడు.

"మరి ఇన్నేళ్లలో ఒక్కసారైనా వెళ్లలేదా?" అన్నది నేను కాదు, అంతసేపూ గడియారం చూసుకుంటున్న ధీరజ్.

"ఎవరింటికని వెళ్లను బాబూ? మాది అద్దె ఇల్లు. చుట్టాలంతా గుడివాడ చుట్టూతానే. బస్సు దిగి స్టాండులో నిలబడితే, ఎవరింటికొచ్చావని అడుగుతారా లేదా? ఏం చెప్పాలి? సైకిలైతే దారినపోతూ ఆగాననొచ్చు."

ఆ గట్టు మీదే ఆయన కథంతా చెప్పారు. ఒకప్పుడు ఆ ఊళ్లో ఆయన పేరు తెలియని మనిషి ఉండేవాడు కాదట. ఆ రోజుల్లో కొత్త సినిమా వస్తే ప్రింటు ఒక్కటే వచ్చేది. హాళ్లు రెండు. అవనిగడ్డలో పక్కా హాలు, మోపిదేవిలో డేరా హాలు. ఇద్దరు యజమానులూ కలిసి ఆ ఒక్క ప్రింటుతోనే రెండుచోట్లా ఆడించేవాళ్లు. అవనిగడ్డలో ఆట మొదలైన కాసేపటికి మోపిదేవిలో మొదలు. ఇక్కడ ఆడిన రీలు వెనక్కి చుట్టి, రేకు పెట్టెలో పెట్టి, సైకిలు క్యారేజీకి కట్టి అక్కడికి పంపాలి. అది దింపి, మళ్లీ వచ్చి, తరవాతది తీసుకెళ్లాలి. ఆ సైకిలు తొక్కేది పిచ్చేశు. వానైనా, బురదైనా, అక్కడి రీలు అయిపోయేలోపు ఇక్కడి రీలు చేరాలి. చేరకపోతే తెర మీద తెల్లటి వెలుగు, కింద జనం గోల. "ఒరే పిచ్చేశూ, ఎక్కడ చచ్చావురా!" రైతులు, కూలీలు, బడిపంతుళ్లు, నేల టిక్కెట్టు ఆడవాళ్లు, అందరూ కలిసి అరిచేవాళ్లు. మోపిదేవిలో ఇంటర్వెల్ ఎప్పుడని ఎవరైనా అడిగితే, పిచ్చేశు సైకిలు పంక్చరైనప్పుడు అనేవాళ్లట.

"జిల్లా మొత్తం మీద నా అన్ని తిట్లు తిన్నవాడు లేడండీ" అన్నారు రావుగారు, అదేదో సన్మానం జరిగినట్టు.

ఒకసారి ఆఖరి రీలుతో సహా కాలవలో పడ్డారట. పెట్టె దొరికింది గానీ ఫిల్ము తడిసిపోయింది. జనం కుర్చీలు విరగ్గొడతారని డేరా యజమాని వణికిపోతుంటే, ఈయన తడిబట్టలతో తెర ముందుకెళ్లి నిలబడి, అవనిగడ్డలో తను చూసిన ఆఖరి రీలంతా నోటితో చెప్పేశారు, ఫైటింగులతో సహా. ఒకటే ఈలలు. మర్నాడు అసలు రీలు వేస్తే, నిన్న పిచ్చేశు చెప్పిందే బాగుంది అన్నారట జనం. ఈ చివరి మాట నేను నమ్మలేదు. ఏజెంటుని కదా, ఎదుటివాడి కోతలు ఎక్కడ మొదలవుతాయో నాకు ఇట్టే తెలిసిపోతుంది.

తరవాత ఇంటింటికీ టీవీలొచ్చాయి. ముందు డేరా పీకేశారు, తరవాత పక్కా హాలు మూతపడింది. గుడివాడ బావగారు కాకినాడలో ఎవరికో చెప్పి ఉద్యోగం ఇప్పించారు. పిచ్చేశు రావుగారయ్యారు.

ఆ సాయంత్రం బందరు చేరాం. ఇనగుదురుపేటలో షాబాజ్ పెద్దమ్మ హాజిరాగారింట్లో మకాం. నల్ల లుంగీలో గుమ్మం ముందు నిలబడ్డ షాబాజ్‌ని చూసి ఆవిడ కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది. "ఏరా షాబూ, ఇట్టా అయిపోయావేంట్రా!" అని వాడి చెవి మెలేసింది. షాబూ, షాబూ అని పిలుస్తూ పడుకునేదాకా వాడికి ఏదో ఒకటి తినిపిస్తూనే ఉంది. రావుగారు ఆ పిలుపు వింటూ గోడకి ఆనుకుని కూర్చున్నారు.

పొద్దున్నే గడ్డం గీయించుకుంటానని ఆయన పట్టుబట్టారు. గడ్డంతో వెళ్తే ఊళ్లో పోల్చుకోరేమోనని భయం. తెల్లవారకుండా ఏ షాపు తీస్తారు? నల్ల చొక్కా మార్చుకుందామంటే వేరేది లేదు. బరువు తగ్గాలని ధీరజ్ కాకినాడలోనే మా సంచులన్నీ వెతికి మామూలు చొక్కాలు తీయించేశాడు. చివరికి హాజిరాగారి అద్దం ముందు నిలబడి, ఉన్న నాలుగు వెంట్రుకలూ నీళ్లతో తడిపి దువ్వుకుని, ఆ పైన హెల్మెట్ పెట్టుకున్నారు.

చల్లపల్లి దాకా బాగానే మాట్లాడారు. ఇక్కడ పెద్ద వంతెన ఉండేది, అక్కడ బెల్లం బజ్జీలు వేసేవాళ్లు అంటూ. మోపిదేవిలో గుడి ముందు బస్సులూ, కార్లూ, పాలచెంబులతో జనమూ. మమ్మల్ని చూసి చాలామంది దారిచ్చి దణ్ణం పెట్టారు. రావుగారు ఎటూ చూడలేదు. అవనిగడ్డ రోడ్డులోకి తిరిగాక ఆయన సీటు మీంచి లేచి తొక్కడం మొదలుపెట్టారు. నాలుగు రోజులుగా నా పక్కన నత్తలా వచ్చిన మనిషి, ధీరజ్‌ని దాటేశారు. ధీరజ్ పళ్లు బిగించి తొక్కినా అందలేదు. రోడ్డు ఎక్కడ వంపు తిరుగుతుందో, ఎక్కడ ఎత్తొస్తుందో ఆయన కాళ్లకి ఇంకా గుర్తున్నట్టుంది. వెనక నుంచి చూస్తుంటే ఆ మనిషికి అరవయ్యేళ్లంటే ఎవరూ నమ్మరు. నాకు చచ్చేంత ఆయాసంగా ఉంది, చెప్పలేనంత సంతోషంగానూ ఉంది.

సెంటర్లో దిగి లుంగీలు చుట్టుకున్నాం. రావుగారు హెల్మెట్ తీసి, నల్లకళ్లద్దాలు తీసి, నలుగురికీ కనపడేలా రోడ్డు వారగా నిలబడ్డారు. జనం వస్తున్నారు, చేతులు జోడిస్తున్నారు, వెళ్లిపోతున్నారు. టీకొట్టు కుర్రాడు గ్లాసులు కడిగి మరీ తెచ్చాడు.

"ఇక్కడ సోడా కొట్టు పెద్దాయన ఉండాలి కదా?" అని అడిగారు రావుగారు.

"పోయాడంట స్వామీ. మాది నాగాయలంక, నాకంతగా తెలీదు."

"సినిమా హాల్లో ఆపరేటరు?"

"సినిమా హాలా స్వామీ?" ఆ కుర్రాడు ఎదురుగా ఉన్న రంగురంగుల ఏసీ ఫంక్షన్ హాలు చూపించాడు. "అదేనంట అప్పుడు హాలు."

బెంచీ మీద పేపరు చదువుకుంటున్న పెద్దాయన ఒకరు లేచి దణ్ణం పెట్టారు. రావుగారికి ప్రాణం లేచొచ్చింది. ఆయన దగ్గరికెళ్లి, "నేనండీ, రీళ్ల పిచ్చేశుని" అన్నారు.

"రీల్సా స్వామీ? మా మనవరాలు కూడా చేస్తదండి, పొద్దస్తమానం ఆ ఫోన్లోనే" అన్నారు పెద్దాయన ఎంతో మర్యాదగా. ఆయన గన్నవరం నుంచి వచ్చి ఇక్కడ ఇల్లు కట్టుకున్న రిటైర్డు తాసిల్దారు.

ఇంకా ఇద్దరు ముగ్గురిని అడిగారు. ఒకళ్లు హైదరాబాదు వెళ్లారు, ఒకళ్లు కొడుకు దగ్గర విజయవాడలో ఉంటున్నారు, చాలామంది పోయారు. ప్రతి జవాబుకీ చివర ఒక స్వామీ. రావుగారు హెల్మెట్ చేతిలో తిప్పుతూ ఫంక్షన్ హాలు కేసి చూస్తూ నిలబడిపోయారు. మనిషి పోయిన ఇళ్లకి క్లెయిము కాగితాలతో వెళ్తుంటాను నేను. అంత దిగాలు ముఖం అక్కడ కూడా అరుదుగా చూశాను.

"వెళ్దాం పదండి" అన్నారు చివరికి. "వారధి ఎక్కేద్దాం."

లుంగీలు విప్పే ఓపిక లేక ఎగ్గట్టుకునే సైకిళ్లు తిప్పుకుని ఫంక్షన్ హాలు ముందు నుంచి మెల్లగా వెళ్తుంటే, ఆ పక్కనున్న రేకుల షెడ్డులోంచి ఒక ముసలావిడ రోడ్డు మీదికి అడ్డంగా వచ్చేసింది. "స్వాములూ! మిట్టమధ్యాన్నం ఎండన పడి ఎక్కడికి పోతారు? భిక్ష చేసి కదలండి."

రావుగారు సైకిలు దిగి నిలబడి నా చెయ్యి పట్టుకున్నారు. "ధనమ్మత్తండీ" అన్నారు గొంతు తగ్గించి. "హాలు ముందు మరమరాలు, పల్లీలు అమ్మేది. నేను పెట్టె కట్టుకుంటుంటే గుప్పెడు తెచ్చి నా జేబులో పోసేది, దారిలో తినమని. చుట్టం కాదు గానీ అందరం అత్తా అనేవాళ్లం. ఆవిడకి నేను తెలియకపోవడమేంటండీ, రోజూ చూసేది!"

ధనమ్మకి ఎనభై ఉంటాయి. నడుం కొంచెం వంగింది, గొంతు వంగలేదు. ఆవిడది చిన్న మెస్సు, నాలుగు బల్లలు. అప్పటికే వండినవేవో ఉన్నట్టున్నాయి, వాటిని గబగబా లోపలికి చేరేసింది. పెరట్లో పంపు కింద నెత్తిన నీళ్లు పోసుకుని, తడిజుట్టు ముడేసుకుని, పొయ్యి కడిగి, కొత్తగా ఎసరు పెట్టింది. మాకోసం ఉల్లీ వెల్లుల్లీ లేకుండా మొదట్నించీ వంట.

నాకు సిగ్గేసింది. "మనం స్వాములం కాదని చెప్పేద్దామండీ" అన్నాను.

"ఇప్పుడా? పాపం తడిబట్టలతో పొయ్యి దగ్గర కూర్చుంది. ఇప్పుడు చెబితే ఎంత నొచ్చుకుంటుంది" అన్నారు రావుగారు. తరవాత కాస్త ఆగి, "నేనెవరో కూడా మీరు చెప్పొద్దు. చెబితే పోల్చుకోవడం పోల్చుకోవడమేనా? ఆవిడంతట ఆవిడే అనాలి" అన్నారు.

ఆకులు వేసింది. ముద్దపప్పు, దోసకాయ కూర, చారు, సేమ్యా పాయసం. రావుగారు వెలుగు ముఖం మీద పడేలా గుమ్మానికి ఎదురుగా కూర్చున్నారు. ధనమ్మ వంగి వడ్డిస్తోంది, ఆయన ముఖంకేసి చూడటం లేదు. నేలకేసి చూస్తూ, "ఇంకొంచెం నెయ్యి వేయనా స్వామీ" అంటోంది.

"ఇక్కడ సినిమా హాలుండేది కదా?" అన్నారు రావుగారు.

"ఉండేది స్వామీ."

"రీళ్లు తెచ్చే కుర్రాడొకడు ఉండేవాడు."

ధనమ్మ చేతిలో గరిటె ఆగింది. "ఉండేవాడు స్వామీ."

"ఇప్పుడెక్కడున్నాడో ఏమో."

"ఎక్కడున్నా చల్లగా ఉండాలి స్వామీ" అంది. పాయసం ఒక గరిటె ఎక్కువే వేసింది. "ఇంట్లో అంతా బాగుంటారా స్వామీ? పిల్లలెంతమంది?"

"ఒక్కతే అమ్మాయి. పెళ్లయింది."

"ఒంట్లో బాగుంటుందా స్వామీ? చిక్కిపోయినట్టున్నారు."

"షుగరు."

"అయ్యో స్వామీ" అని లోపలికి వెళ్లి, చాలాసేపు బయటికి రాలేదు. ఇదంతా ఆయన్ని ఒక్కణ్నే అడిగిందని, మా ముగ్గురినీ మాటవరసకైనా పలకరించలేదని నాకు అప్పుడు తట్టలేదు. నాకు ఒళ్లు మండిపోతోంది. ఈ ముసల్దానికి కళ్లు కనపడవా, ఆ కుర్రాడు ఈయనే అని అరుద్దామని నోరు తెరిచాను. రావుగారు బల్ల కింద నా మోకాలు గట్టిగా నొక్కారు. ఆయన ఆకులో పప్పన్నం కలిపినది కలిపినట్టే ఉంది. ఎంత ప్రయత్నించినా ముద్ద దిగలేదాయనకి.

చేతులు కడుక్కుని బయటికొచ్చాం. వరండాలో వరసగా నిలబడమంది. పసుపునీళ్ల చెంబు తెచ్చింది. ముందు ధీరజ్ కాళ్ల మీద పోసి కళ్లకద్దుకుంది. వాడు బిగుసుకుపోయాడు. తరవాత షాబాజ్, తరవాత నేను. సిగ్గుతో నా అరికాళ్లు జిల్లుమన్నాయి. చివర రావుగారు. ధనమ్మ నీళ్లు పోసి, రెండు చేతులూ చాచి, ఆయన పాదాల మీదికి వంగింది.

రావుగారు ఎగిరి రెండడుగులు వెనక్కి పడ్డారు. "వద్దు అత్తా! నువ్వు నా కాళ్లు పట్టుకోవడమేంటి? నాకు మాల లేదు!"

ధనమ్మ అలా వంగినది వంగినట్టే ఉండిపోయింది. మెల్లగా తలెత్తింది. రావుగారు చొక్కా జిప్పు కిందికి లాగి మెడ చూపించారు.

"మాల లేదా?"

"లేదు."

"దీక్ష కాదా మీది?"

"కాదత్తా. సరదాకి సైకిళ్ల మీద పోతున్నాం. బట్టలే నల్లవి. చెబుదామనుకున్నా..."

ధనమ్మ నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది. చెంబు కింద పడేసింది.

"ఒరే పిచ్చేశూ!"

ఆ అరుపుకి సెంటర్లో టీకొట్టు కుర్రాడు కూడా తొంగి చూశాడు.

"ఒరే పిచ్చి సన్నాసీ! ఇంతసేపూ నన్ను చంపుకుతిన్నావు కదరా! నువ్వు సైకిలు దిగేటప్పుడే చూశా. వెనక పెట్టె తగుల్తుందని కాలు ముందునుంచి తిప్పి దిగేది ఈ ఊళ్లో నువ్వొక్కడివే. నా గుండె ఒకటే కొట్టుకోవడం. పిలుద్దామా అంటే ఒంటి నిండా నల్లబట్టలాయె. మాలలో ఉన్నోణ్ణి పేరెట్టి పిలిస్తే దోషం నాకు తగిలితే పోన్లే, ఎనభయ్యేళ్లదాన్ని, నీకెక్కడ తగుల్తుందో అని నోరు కట్టుకు చచ్చా. ముఖం చూస్తే ఎక్కడ అనేస్తానో అని నేల చూపులు చూసుకుంటా వడ్డించా. నెయ్యి వేసినప్పుడల్లా నోటిదాకా వచ్చింది నీ పేరు. మింగా. షుగరన్నావు చూడు, అప్పుడు ఇంక నా వల్ల కాక లోపలికి పోయి కొంగు నోట్లో కుక్కుకున్నా రా!"

రావుగారు ఏదో అనబోయారు. అరవయ్యేళ్ల మనిషి, బూట్లు చేత్తో పట్టుకుని, వరండా మధ్యలో నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చేశారు. ధనమ్మ దగ్గరికొచ్చి ఆయన వీపు మీద ఒక్కటి చరిచింది. బాగానే తగిలింది, చప్పుడు నాకు వినపడింది. ఆ తరవాత అదే వీపు నిమురుతూ తనూ ఏడ్చింది. షాబాజ్ అటు తిరిగి సైకిలు గాలి చూస్తున్నట్టు నటించాడు. నేను నటించలేదు.

"పద, మళ్లీ కూర్చో" అంది ధనమ్మ ముక్కు తుడుచుకుని. "పొద్దున పెట్టిన చేపల పులుసుంది. స్వాములొచ్చారని మూతేసి పెరట్లో దాచి చచ్చా."

ధీరజ్ ఏదో టైము సంగతి ఎత్తబోతే నేను వాడి చెయ్యి పట్టుకుని బల్ల ముందు కూలేశాను. కడుపులో చోటు లేకపోయినా మళ్లీ కూర్చున్నాం. ఇంక ధనమ్మ నోటికి అడ్డు లేదు. "ఒరే పిచ్చేశూ, ముల్లు చూసుకో." "ఒరే పిచ్చేశూ, ఇంకో ముక్క వేసుకో." "ఒరే పిచ్చేశూ, నీ పెళ్లానికి పులుసు పెట్టడం వచ్చంట్రా?" "ఒరే పిచ్చేశూ, ఆ మంచినీళ్లు ఇటు జరుపు." నీళ్ల చెంబు ఆవిడ పక్కనే ఉంది. ప్రతిదానికీ ఆయన "ఆఁ అత్తా" అంటున్నారు. ఇందాక దిగని ముద్ద ఇప్పుడు ఆగకుండా దిగుతోంది. ఎంత తిన్నారో నేను చూడలేదు, నా ఆకులో పని నాకుంది.

బయల్దేరేసరికి పొద్దు వాలుతోంది. ఈసారి లుంగీలు లేవు. బిగుతు నిక్కర్లతోనే వరండా దిగాం. ధనమ్మ మమ్మల్ని ఎగాదిగా చూసి, "ఈ వేషం ముందే వేసుంటే నాకీ గోల లేకపోను" అంది. ధీరజ్, షాబాజ్ ముందు కదిలారు. నేను కదిలాను. రావుగారు ఆవిడ కాళ్లకి దణ్ణం పెట్టి, సైకిలెక్కి, నాలుగు తొక్కులు తొక్కి ఉంటారు.

"ఒరే పిచ్చేశూ!"

ఆయన బ్రేకు వేసి, ఒక కాలు నేల మీద ఆనించి, వెనక్కి తిరిగారు. ఏదో మరిచిపోయామేమోనని నేనూ ఆగాను.

"ఏంటత్తా?"

ధనమ్మ గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది.

"ఏం లేదురా. ఊరికే పిలిచా."